తాళం పడి ఉందా, వేసింది నేనేనా?: లినక్స్ కెర్నెల్ నెట్‌వర్క్ విభాగంలో తాళాల తనిఖీ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

కంప్యూటర్ నిర్వహణ వ్యవస్థకు గుండెకాయ వంటి భాగం కెర్నెల్. ఒకే సమాచారాన్ని అనేక ప్రాసెసర్లు ఒకేసారి మార్చకుండా కెర్నెల్‌లో 'తాళాలు' వాడుతారు. తాళం వేయవలసిన చోట నిజంగా వేశారా అని పరీక్షించే చిన్న కోడ్ భాగాలే తాళాల తనిఖీలు. లినక్స్ కెర్నెల్ నెట్‌వర్క్ విభాగంలో ఈ తనిఖీలు 1996 నుంచి 2025 వరకు ఎలా మారుతూ వచ్చాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తొలినాటి తనిఖీలు "తాళం పడి ఉందా?" అని మాత్రమే అడిగాయి. అడగవలసిన ప్రశ్న "ఈ తాళం వేసింది నేనేనా?" అన్నది. ఈ రెండు ప్రశ్నల మధ్య దూరాన్ని గుర్తించి, దానిని తగ్గించే ప్రయత్నమే ఈ చరిత్రలోని ప్రధానాంశమని నిరూపించడం వ్యాసోద్దేశం.

కీలకపదాలు: లినక్స్, కెర్నెల్, సాకెట్, తాళం, లాకు, ఆర్‌టీఎన్‌ఎల్, లాక్‌డెప్, ప్రతిష్టంభన.

1. ఉపోద్ఘాతం:

జోగులాంబ గద్వాల జిల్లా రాజోలిలో ఒక చేనేత కార్మికుడు నూలు కొని ఫోన్‌తో డబ్బు చెల్లించాడనుకుందాం. అది ఆండ్రాయిడ్ ఫోన్ అయితే, ఆ చెల్లింపు సమాచారం లినక్స్ కెర్నెల్ గుండానే బయటకు వెళుతుంది. ఫోన్‌లోని చెల్లింపు యాప్ ఒక 'సాకెట్'ను తెరుస్తుంది. సాకెట్ అంటే యాప్‌కూ నెట్‌వర్క్‌కూ మధ్య కెర్నెల్ ఏర్పరచే సంధిస్థానం. యాప్ అటునుంచి సాకెట్‌లో రాస్తూ ఉండగానే, ఇటునుంచి బ్యాంకు సమాధానం ప్యాకెట్ల రూపంలో వచ్చి పడుతుంది. రెండూ ఒకే సాకెట్‌లోని వివరాలను మార్చాలి. అవి రెండు వేర్వేరు ప్రాసెసర్ల మీద ఒకే క్షణంలో నడిస్తే, ఒకటి సగం రాసిన వరుసను మరొకటి చదివే ప్రమాదం ఉన్నది. దానిని నివారించేదే తాళం.

ఈ విషయంపై తెలుగులో చారిత్రక దృష్టితో రాయడానికి బలమైన ఆధారాలున్నాయి. 2005 ఏప్రిల్ నుంచి లినక్స్ కోడ్‌లో జరిగిన మార్పులన్నీ 'గిట్' అనే భాండాగారంలో నమోదవుతున్నాయి. మార్పు చేసినవారి పేరు, తేదీ, మార్పుకు కారణం అందులో ఉంటాయి. శాసన పరిశోధకునికి దాత పేరు, తిథి, దానకారణం ఎంత విలువైనవో, సాఫ్ట్‌వేర్ చరిత్రకారునికి ఈ నమోదులు అంత విలువైనవి. ఈ వ్యాసం అటువంటి నమోదులను, ఆయా కాలాల్లో కోడ్ ఉన్న రూపాన్ని ఆధారంగా చేసుకొని సాగుతుంది.

2. పదచర్చ – లాకు, తాళం:

సాంకేతిక చరిత్రను తెలుగులో చెప్పేటప్పుడు పదం ఎంపిక కేవలం అనువాద సమస్య కాదు. విషయావగాహన కూడా దానిపై ఆధారపడుతుంది. ఆంగ్లంలోని 'లాక్' తెలుగులోకి కంప్యూటర్ల కంటే ఎంతో ముందే వచ్చింది. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత, గోదావరి, కృష్ణా డెల్టాల పడవ కాలువల వెంట 'లాకులు' వెలిశాయి. రాజోలికి ఎదురుగా తుంగభద్రపై ఉన్న సుంకేసుల నుంచి బయలుదేరే కర్నూలు–కడప కాలువ కూడా ఈ కోవలోనిదే. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ దానిని సాగుకూ పడవల రాకపోకలకూ కలిపి తవ్వించింది. 1882లో అది ప్రభుత్వపరమైంది.

కాలువ లాకుకు రెండు తలుపులుంటాయి. నీటిమట్టం ఎక్కువగా ఉన్నవైపు ఒకటి, తక్కువగా ఉన్నవైపు మరొకటి. పడవ మధ్యగదిలో ఉన్నప్పుడు ఒక తలుపు మూసి, నీటిమట్టం సమం చేసి, రెండవ తలుపు తెరుస్తారు. రెండు తలుపులూ ఒకేసారి తెరవరాదన్నదే లాకు నియమం. కెర్నెల్ తాళం సారాంశం కూడా ఇటువంటి నియమమే: ఒకేసారి ఇద్దరికి ప్రవేశం లేదు. ఈ దృష్టితో చూస్తే 'లాకు' అన్నది సార్థకమైన పదం.

అయితే ఈ వ్యాసంలో 'తాళం' అన్న పదాన్నే వాడుతున్నాను. దానికి కారణం ఉన్నది. తెలుగువారు "తలుపుకు తాళం పడి ఉంది" అనీ, "తాళం నేనే వేశాను" అనీ రెండు విధాలుగా చెబుతారు. మొదటి వాక్యం తలుపు స్థితిని చెబుతుంది. రెండవది కర్తను చెబుతుంది. మొదటిది వీధిలో పోయే ఎవరైనా చెప్పగలరు. రెండవది వేసినవారే చెప్పగలరు. కెర్నెల్ తాళాల తనిఖీ చరిత్ర అంతా ఈ రెండు వాక్యాల మధ్యనే నడిచింది.

3. ఒకే తాళం నుంచి అనేక తాళాలకు (1996–2001):

పరస్పర నిరోధం అనే సమస్యను ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1965లోనే శాస్త్రీయంగా ప్రతిపాదించి పరిష్కరించాడు. లినక్స్‌లో మాత్రం ఆ సమస్య బహుళ ప్రాసెసర్ల మద్దతుతోనే తీవ్రరూపం దాల్చింది. 1996 జూన్‌లో వెలువడిన లినక్స్ 2.0 తొలిసారి ఒకటికి మించిన ప్రాసెసర్లకు చోటిచ్చింది. ఈ పనిలో అలన్ కాక్స్ పాత్ర ప్రముఖమైనది. ఆనాటి పరిష్కారం సులభమైనది: కెర్నెల్ మొత్తానికి ఒకే తాళం. దీనికి 'బిగ్ కెర్నెల్ లాక్' అని పేరు. ఎన్ని ప్రాసెసర్లున్నా ఒక సమయంలో ఒక్కటే కెర్నెల్‌లో ప్రవేశించాలి. ఈ పద్ధతిలో తనిఖీ అవసరమే తక్కువ. ఇంటికంతటికీ ఒకే తలుపు ఉన్నప్పుడు, లోపల ఉన్నవారు తాళం వేసే వచ్చారని నమ్మవచ్చు.

ఈ నిశ్చింతకు మూల్యం వేగం. 1999 ఏప్రిల్‌లో మైండ్‌క్రాఫ్ట్ అనే సంస్థ, మైక్రోసాఫ్ట్ సొమ్ముతో, నాలుగు ప్రాసెసర్లు, నాలుగు నెట్‌వర్క్ కార్డులున్న యంత్రంపై విండోస్ ఎన్‌టీనీ లినక్స్‌నూ పోల్చింది. లినక్స్ వెనుకబడింది. పరీక్ష నిష్పాక్షికతపై పెద్ద వివాదం చెలరేగినప్పటికీ, అసలు లోపాన్ని లినక్స్ రచయితలు అంగీకరించారు. 2.2 శ్రేణి కెర్నెల్‌లోని నెట్‌వర్క్ విభాగంలో ఒక సమయంలో ఒక ప్రాసెసర్ మాత్రమే పనిచేయగలిగేది. మిగిలిన మూడు వేచి ఉండవలసి వచ్చేది.

2001 జనవరిలో వచ్చిన లినక్స్ 2.4 నాటికి అలెక్సీ కుజ్‌నెత్సోవ్, డేవిడ్ మిల్లర్ ప్రభృతులు నెట్‌వర్క్ విభాగాన్ని బహుళ ప్రాసెసర్లకు అనువుగా తిరగరాశారు. ఒకే పెద్ద తాళం స్థానంలో సాకెట్‌కొక తాళం, పరికరానికొక తాళం, అమరికల మార్పులకు ఒక తాళం వచ్చాయి. వేగం పెరిగింది. దానితోపాటు కొత్త ప్రశ్న పుట్టింది. ఈ ప్రమేయాన్ని పిలిచేవారు ఏ తాళం వేసి రావాలి? ఆ సమాచారం కోడ్ పక్కన రాసిన వ్యాఖ్యల్లోనూ, కొద్దిమంది నిపుణుల జ్ఞాపకంలోనూ ఉండేది. వ్యాఖ్యను యంత్రం చదవదు. నిపుణుడు అన్ని మార్పులనూ చూడలేడు. తాళాల తనిఖీ అవసరం ఇక్కడ మొదలైంది.

4. సాకెట్ తాళం – రెండంచెల ఏర్పాటు:

తనిఖీ సమస్యను అర్థం చేసుకోవడానికి సాకెట్ తాళం నిర్మాణం తెలియాలి. ఇది మామూలు తాళం కాదు. సాకెట్ వద్దకు రెండు రకాల వారు వస్తారు. మొదటివారు యాప్ తరఫున వచ్చే ప్రక్రియలు. అవసరమైతే ఇవి నిద్రించి వేచి ఉండగలవు. రెండవవారు ప్యాకెట్ రాగానే నడిచే సాఫ్ట్ ఇంటరప్టులు. ఇవి నిద్రించరాదు, వచ్చిన పని వెంటనే ముగించి వెళ్లాలి.

ఈ ఇద్దరికీ సరిపడేలా సాకెట్‌లో రెండు అంచెలు పెట్టారు. లోపలిది కొద్ది క్షణాలు మాత్రమే వేసే స్పిన్ తాళం. పైది 'యజమాని ఉన్నాడు' అని తెలిపే ఒక గుర్తు మాత్రమే. యాప్ తరఫు ప్రక్రియ 'లాక్ సాక్' అనే ప్రమేయాన్ని పిలుస్తుంది. అది స్పిన్ తాళం వేసి, గుర్తు ఖాళీగా ఉన్నదాకా వేచి, గుర్తు పెట్టి, స్పిన్ తాళం తీసేస్తుంది. అప్పటి నుంచి ఎంతసేపైనా సాకెట్ ఆ ప్రక్రియదే. ఈలోగా ప్యాకెట్ వస్తే సాఫ్ట్ ఇంటరప్ట్ స్పిన్ తాళం వేసి గుర్తును చూస్తుంది. గుర్తు లేకపోతే ప్యాకెట్ పని తానే చేస్తుంది. ఉంటే ప్యాకెట్‌ను 'బ్యాక్‌లాగ్' అనే వరుసలో పెట్టి వెళ్లిపోతుంది. యజమాని పని ముగించి 'రిలీజ్ సాక్' పిలిచినప్పుడు, ముందుగా ఈ బ్యాక్‌లాగ్‌ను పూర్తి చేసి, ఆ తరువాతే గుర్తు తీసేస్తాడు. మన విద్యార్థులకు బ్యాక్‌లాగ్ పూర్తి కానిదే పట్టా చేతికి రానట్లే, ఇక్కడా బ్యాక్‌లాగ్ పూర్తి కానిదే సాకెట్‌కు విడుదల లేదు.

గుర్తు ఉందా లేదా అని చెప్పే చిన్న సాధనం పేరు 'సాక్ ఓన్డ్ బై యూజర్'. చాలాకాలం పాటు అది గుర్తు విలువను చదివి చెప్పే ఒక్క వరుస కోడ్ మాత్రమే. చూడడానికి అమాయకమైన ఈ ప్రశ్నకు రెండు షరతులున్నాయి. మొదటిది: స్పిన్ తాళం వేయకుండా ఈ ప్రశ్న అడిగితే, వచ్చే సమాధానం మరుక్షణానికి చెల్లకపోవచ్చు. "ఖాళీ" అని విన్న వెంటనే మరొకరు గుర్తు పెట్టుకోవచ్చు. రెండవది: "యజమాని ఉన్నాడు" అన్న సమాధానం ఆ యజమాని ఎవరో చెప్పదు. ఈ రెండు షరతులూ కోడ్‌లో ఎక్కడా లేవు. రాసేవారి వివేకానికి వదిలిపెట్టారు.

5. తట్టి చూసే తనిఖీ – ఆర్‌టీఎన్‌ఎల్:

నెట్‌వర్క్ విభాగంలో మరొక ముఖ్యమైన తాళం ఆర్‌టీఎన్‌ఎల్. కొత్త నెట్‌వర్క్ పరికరాన్ని చేర్చడం, చిరునామా మార్చడం, మార్గాల పట్టికను సవరించడం వంటి అమరికల మార్పులకు ఇది కాపు. ఈ తాళానికి 'అసర్ట్ ఆర్‌టీఎన్‌ఎల్' అనే తనిఖీ తొలినాళ్లలోనే ఏర్పడింది. ఈ తాళం వేసి ఉంటేనే పిలవవలసిన ప్రమేయాల ఆరంభంలో దీనిని ఉంచుతారు. తాళం వేయకుండా ఎవరైనా అక్కడికి వస్తే కెర్నెల్ హెచ్చరిక ముద్రిస్తుంది.

దీని తొలి పద్ధతి ఆసక్తికరమైనది. తాళం వేసి ఉందో లేదో తెలుసుకోవడానికి అది తానే తాళం వేయడానికి ప్రయత్నించేది. ప్రయత్నం ఫలిస్తే అప్పటివరకు ఎవరూ తాళం వేయలేదన్నమాట. వెంటనే తాళం తీసి హెచ్చరించేది. ప్రయత్నం విఫలమైతే అంతా సవ్యంగా ఉన్నదని భావించేది. తలుపు గడియ పెట్టి ఉందా అని తెలుసుకోవడానికి తోసి చూడడం వంటిదిది.

2006లో ఆర్‌టీఎన్‌ఎల్ సెమఫోర్ రూపం నుంచి మ్యూటెక్స్ రూపానికి మారింది. మ్యూటెక్స్ నిద్రించగల ప్రక్రియల కోసం ఉద్దేశించినది. నిద్రించరాని సందర్భాల నుంచి దానిని వేయ ప్రయత్నించడమే నియమవిరుద్ధం. అందువల్ల నిజంగా తప్పు లేని చోట్ల కూడా హెచ్చరికలు రావడం మొదలైంది. 2008 ఏప్రిల్‌లో ప్యాట్రిక్ మెక్‌హార్డీ ఈ తనిఖీని మార్చాడు. తోసి చూడడం మాని, తాళం స్థితిని చదివి చూసే పద్ధతి పెట్టాడు. తనిఖీ చేసే వస్తువును తనిఖీయే కదిలించరాదన్న సూత్రం దీనితో స్థిరపడింది.

అయినప్పటికీ ప్రశ్న మారలేదు. తోసి చూసినా, కళ్లతో చూసినా తెలిసేది తాళం పడి ఉన్నదన్న సంగతే. ఒక సందర్భాన్ని ఊహించుదాం. మొదటి ప్రాసెసర్‌పై ఒక ప్రక్రియ ఆర్‌టీఎన్‌ఎల్ వేసి పరికరం అమరిక మారుస్తున్నది. సరిగ్గా అప్పుడే రెండవ ప్రాసెసర్‌పై మరొక ప్రక్రియ, తాళం వేయకుండానే, తనిఖీ ఉన్న ప్రమేయంలోకి వచ్చింది. తనిఖీ "తాళం పడి ఉంది" అని సంతృప్తి చెందుతుంది. దోషి నిర్దోషిగా బయటపడతాడు. అదే ప్రక్రియ ఎవరూ లేని సమయంలో వస్తే పట్టుబడుతుంది. అంటే యంత్రం తీరికగా ఉన్నప్పుడు ఈ తనిఖీ చక్కగా పనిచేస్తుంది; రద్దీ పెరిగేకొద్దీ దాని చూపు మందగిస్తుంది. కానీ తాళం లేకపోవడం వల్ల నష్టం కలిగేది రద్దీ సమయంలోనే. ఈ వైరుధ్యం తనిఖీ రాసిన తీరులోని పొరపాటు కాదు; అది అడిగిన ప్రశ్నలోనే ఉన్నది.

6. లాక్‌డెప్ – కర్తను గుర్తించే తనిఖీ (2006):

"వేసింది నేనేనా?" అన్న ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే, ఎవరు ఏ తాళాలు వేశారో విడిగా ఒక చిట్టా ఉండాలి. ఫ్రీబీఎస్‌డీ అనే సోదర వ్యవస్థలో మ్యూటెక్స్‌లోనే యజమాని వివరం ఉండేది. అందువల్ల ప్రస్తుత ప్రక్రియే యజమానా అని నేరుగా అడిగే అవకాశం అక్కడ ఉన్నది. తాళాల క్రమాన్ని పరిశీలించే 'విట్‌నెస్' అనే సాధనం కూడా అక్కడ వాడుకలో ఉన్నది. పేరులోనే సాక్షి అన్న అర్థం ఉన్నది.

లినక్స్‌లో ఈ లోటును తీర్చినది 2006 సెప్టెంబర్‌లో 2.6.18తో వచ్చిన 'లాక్‌డెప్'. దీనిని ఇంగో మోల్నార్, అర్యన్ వాన్ డె వెన్ రూపొందించారు. లాక్‌డెప్ ప్రధాన లక్ష్యం ప్రతిష్టంభనను ముందుగానే పసిగట్టడం. ఒకరు క తాళం వేసి ఖ కోసం, మరొకరు ఖ తాళం వేసి క కోసం వేచి ఉంటే ఇద్దరూ కదలరు. లాక్‌డెప్ తాళాలను వర్గాలుగా విభజించి, ఏ వర్గం తరువాత ఏ వర్గం వేస్తున్నారో నేర్చుకుంటుంది. క తరువాత ఖ అన్న క్రమం ఒకచోట, ఖ తరువాత క అన్న క్రమం మరొకచోట కనిపిస్తే, ప్రతిష్టంభన ఇంకా జరగకపోయినా హెచ్చరిస్తుంది. ఈ పని కోసం అది ప్రతి ప్రక్రియ ప్రస్తుతం వేసి ఉన్న తాళాల జాబితాను నిర్వహిస్తుంది. మన పరిశీలనకు కావలసినది ఈ జాబితాయే. "వేసింది నేనేనా?" అన్న ప్రశ్నకు అందులో సమాధానం ఉన్నది.

నెట్‌వర్క్ విభాగంలో లాక్‌డెప్‌ను ప్రవేశపెట్టడానికి ప్రత్యేక శ్రద్ధ కావలసివచ్చింది. సాకెట్ పై అంచె గుర్తు మాత్రమే కనుక, అది తాళమన్న సంగతి లాక్‌డెప్‌కు తెలియదు. రచయితలు 'ఇప్పుడు వేశాము', 'ఇప్పుడు తీశాము' అని చేతితో నమోదు చేయవలసి వచ్చింది. మరొక చిక్కు వర్గీకరణలో ఎదురైంది. సాకెట్లన్నిటినీ ఒకే వర్గంగా భావిస్తే, ఒక రకం సాకెట్ పనిలో మరొక రకం సాకెట్ వాడిన చోట్ల లేని ప్రతిష్టంభన ఉన్నట్లు తోస్తుంది. ఎన్‌ఎఫ్ఎస్ వంటి ఫైలు సేవలు కెర్నెల్ లోపలే సాకెట్లు తెరుస్తాయి కనుక ఈ సమస్య అక్కడ స్పష్టంగా బయటపడింది. అందుచేత చిరునామా కుటుంబాన్ని బట్టి సాకెట్లకు వేర్వేరు వర్గాలు, కెర్నెల్ సొంత సాకెట్లకు విడి వర్గాలు ఏర్పరిచారు.

తరువాతి మెట్టు 2010లో పడింది. చదివేవారు తాళం వేయనవసరం లేకుండా నడిచే 'ఆర్‌సీయూ' అనే పద్ధతి 2002 నుంచి లినక్స్‌లో ఉన్నది. పాల్ మెకెన్నీతోపాటు దీపాంకర్ శర్మ వంటి భారతీయ నిపుణులు దాని ప్రవేశంలో పాలుపంచుకున్నారు. 2010లో మెకెన్నీ ఆర్‌సీయూ వాడకానికి తనిఖీ జోడించాడు. రక్షిత సమాచారాన్ని చదివే చోట, "ఏ తాళం బలంతో దీనిని తాకుతున్నావు?" అన్నదానికి సమాధానం కోడ్‌లోనే రాయాలి. ఆర్‌టీఎన్‌ఎల్‌కు లాక్‌డెప్ జాబితాను సంప్రదించే కొత్త ప్రశ్న కూడా ఈ సందర్భంలోనే చేరింది. అంతవరకు వ్యాఖ్యలో ఉన్న నియమం యంత్రం పరీక్షించే షరతుగా మారింది.

7. 2016 సవరణలు – ప్రశ్న బిగింపు:

షరతు రాయడం తప్పనిసరి అయినప్పుడు, చాలామంది చేతికందిన సాధనాన్ని వాడారు. సాకెట్‌కు సంబంధించిన చోట్ల ఆ సాధనం 'సాక్ ఓన్డ్ బై యూజర్'. ఇది కర్తను కాక స్థితిని చెప్పే ప్రశ్న అని ముందే గమనించాం. 2016 మార్చిలో యాదృచ్ఛిక పరీక్షల సందర్భంగా 'టన్' అనే కృత్రిమ నెట్‌వర్క్ పరికరాల ఫిల్టర్ కోడ్‌లో అనుమానాస్పద వాడకం ఉన్నట్లు హెచ్చరిక వెలువడింది. అక్కడి షరతు సాకెట్ గుర్తును అడుగుతున్నది. కానీ టన్ పరికరం ఆ పనిని ఆర్‌టీఎన్‌ఎల్ రక్షణలో చేస్తున్నది. సమాచారానికి కాపు ఒకటి, షరతు అడిగింది మరొకటి.

2016 ఏప్రిల్‌లో హాన్నెస్ ఫ్రెడెరిక్ సోవా వరుసగా కొన్ని సవరణలు చేశాడు. వాటిలో మూడు అంశాలు మన చర్చకు ముఖ్యమైనవి.

మొదటిది, లాక్‌డెప్ జాబితాను సంప్రదించి "ఈ సాకెట్ తాళాన్ని నేనే వేశానా?" అని అడిగే ప్రత్యేక ప్రశ్న. రెండు అంచెల్లో ఏ ఒక్కటి తాను వేసినా సరిపోతుంది. ఫిల్టర్ వంటి చోట్ల స్థితి ప్రశ్న స్థానంలో ఈ కర్తృ ప్రశ్న వచ్చింది.

రెండవది, 'సాక్ ఓన్డ్ బై యూజర్' బిగింపు. సాకెట్ తాళం వేయకుండా ఈ ప్రశ్న అడిగితే, లాక్‌డెప్ ఉన్న కెర్నెల్‌లో ఇక హెచ్చరిక వస్తుంది. ఇంతకాలం రాసేవారి వివేకానికి వదిలిన షరతు ఆ సాధనంలోనే భాగమైంది. తనిఖీని అడిగే అర్హతనే తనిఖీ చేయడమిది.

మూడవది అన్నిటికంటే సూక్ష్మమైనది. 'రిలీజ్ సాక్' బ్యాక్‌లాగ్‌ను పూర్తి చేసేటప్పుడు సాకెట్ ఇంకా దాని అధీనంలోనే ఉంటుంది, గుర్తు తీయలేదు. కానీ లాక్‌డెప్‌కు మాత్రం తాళం తీసినట్లు ముందుగానే చెప్పేసేవారు. పాత రోజుల్లో దానివల్ల కష్టం తెలియలేదు. కర్తృ ప్రశ్న వచ్చిన తరువాత, తాళం వేసినవాడే "నీవు తాళం వేయలేదు" అన్న నిందకు గురయ్యే స్థితి ఏర్పడింది. ఎరిక్ డ్యుమజెట్ మొదలుపెట్టిన సవరణను సోవా స్వీకరించి, బ్యాక్‌లాగ్ ముగిసిన తరువాతే చిట్టాలో విడుదల నమోదయ్యేలా సరిచేశాడు. భూమి సాగులో ఒకరు, రికార్డులో మరొకరు ఉన్నప్పుడు తగవు ఎలా పుడుతుందో మన ప్రాంతంలో వివరించనక్కరలేదు. చిట్టాను నమ్మి తీర్పు చెప్పాలంటే, ముందుగా చిట్టా వాస్తవంతో సరిపోవాలి.

8. సడలింపు, పరిమితులు:

బిగింపు తరువాత సడలింపు కూడా అవసరమైంది. 2017 డిసెంబర్‌లో టామ్ హెర్బర్ట్, హెచ్చరిక లేకుండా గుర్తును మాత్రమే చదివే మరొక రూపాన్ని చేర్చాడు. అవసరమైన చోటు 'స్ట్రీమ్ పార్సర్'. అక్కడ గుర్తు ఉన్నట్లు సమాధానం వస్తే, ఆ పనిని తరువాత చేయడానికి వరుసలో పెడతారు, నష్టం లేదు. ఇది నియమభంగం కాదు. సడలింపును కూడా పేరు పెట్టి కోడ్‌లో నమోదు చేయడమే ఇక్కడి విశేషం. తనిఖీ లేదన్న సంగతి ఆ పేరులోనే తెలుస్తుంది కనుక, చదివేవారు దానిని ప్రశ్నించగలరు.

లాక్‌డెప్‌కు పరిమితులున్నాయి. తాళం వేసిన ప్రతిసారీ చిట్టా రాయడం భారం కనుక, నిత్యవాడుక ఫోన్లలో, సర్వర్లలో దీనిని సాధారణంగా ఆపి ఉంచుతారు. పరీక్షల కోసం నిర్మించిన కెర్నెళ్లలోనే అది నడుస్తుంది. నడవని దారిలో తప్పును అది చూడలేదు. అందుకే 2017 నుంచి గూగుల్ నడుపుతున్న 'సిజ్‌బాట్' వంటి స్వయంచాలక పరీక్షా వ్యవస్థల ప్రాధాన్యం పెరిగింది. అవి అరుదైన దారుల్లో కెర్నెల్‌ను నడిపించి, లాక్‌డెప్‌కు చూసే అవకాశం కల్పిస్తాయి. మరొక పరిమితి: లాక్‌డెప్ ఒకసారి తప్పును ప్రకటించిన తరువాత తన పనిని ఆపివేస్తుంది. అందువల్ల సాకెట్ తనిఖీ నేటి రూపంలో లాక్‌డెప్ మెలకువగా ఉన్నప్పుడే, అది కూడా ఒక్కసారే, హెచ్చరిస్తుంది.

ఆర్‌టీఎన్‌ఎల్ కథ ఇంకా ముగియలేదు. వ్యవస్థ మొత్తానికి ఒకే ఆర్‌టీఎన్‌ఎల్ ఉండడం, ఒకే యంత్రంలో వందలాది నెట్‌వర్క్ విభాగాలు నడిచే నేటి కాలంలో, మళ్లీ పాత పెద్ద తాళం సమస్యను గుర్తు చేస్తున్నది. బిగ్ కెర్నెల్ లాక్ చివరి జాడలను 2011లో 2.6.39తో ఆర్ండ్ బెర్గ్‌మన్ తొలగించాడు. ఆర్‌టీఎన్‌ఎల్‌ను విభాగాల వారీగా చీల్చే పనిని కునియుకి ఇవాషిమా చేపట్టగా, దాని తొలి మెట్టు 2025 జనవరిలో వచ్చిన 6.13లో చేరింది. గమనించదగిన విషయం ఏమంటే, అక్కడ ముందుగా వచ్చినవి కొత్త తాళాలు, వాటి తనిఖీలు. ఒక పరీక్షా అమరికను ఎంచుకుంటే పాత తాళంతోపాటు విభాగపు తాళం కూడా పడుతుంది. వేయవలసినవారు వేశారో లేదో తనిఖీ చూస్తుంది. పాత తాళాన్ని తీయడం ఆ తరువాతి మాట. 1999 తరువాత తాళాలను చీల్చినప్పుడు తనిఖీ వెనుక వచ్చింది. ఈసారి ముందు నడిచింది.

9. ముగింపు:

ఈ పరిశీలన వల్ల కింది అంశాలు తేలుతున్నాయి.

1. లినక్స్ నెట్‌వర్క్ విభాగంలో తాళాల సంఖ్య పెరగడం వేగాన్ని ఇచ్చింది. కానీ 'ఎక్కడ ఏ తాళం' అన్న జ్ఞానాన్ని వ్యాఖ్యలకు, జ్ఞాపకాలకు పరిమితం చేసింది. తనిఖీలు ఆ జ్ఞానాన్ని కోడ్‌లోకి తెచ్చాయి.

2. స్థితిని అడిగే తనిఖీ రద్దీలో విఫలమవుతుంది. అసర్ట్ ఆర్‌టీఎన్‌ఎల్ దీనికి నిదర్శనం. కర్తను అడిగే తనిఖీకి 2006 నాటి లాక్‌డెప్ జాబితా ఆధారమైంది.

3. 2016 సవరణలు సాకెట్ తనిఖీని కర్తృ ప్రశ్న వైపు మళ్లించాయి. చిట్టా, వాస్తవం ఒకటిగా ఉంటేనే అటువంటి తనిఖీ న్యాయంగా ఉంటుందని 'రిలీజ్ సాక్' సవరణ చూపింది.

4. సడలింపులను దాచకుండా పేరు పెట్టి నమోదు చేయడం ఈ సంప్రదాయంలో నిలిచిన మంచి లక్షణం.

తెలుగులో సాంకేతిక రచన ఎక్కువగా 'ఎలా వాడాలి' అన్న దగ్గర ఆగిపోతున్నది. 'ఎందుకు ఇలా మారింది' అన్న చారిత్రక ప్రశ్న వేసినప్పుడే పదాలకు పదును వస్తుంది. 'పడి ఉంది', 'వేశాను' అన్న రెండు క్రియల మధ్య భేదం తెలుగు మాట్లాడే పసివాడికి కూడా తెలుసు. కెర్నెల్ రచయితలు ఆ భేదాన్ని కోడ్‌లో స్థిరపరచడానికి దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది. సుంకేసుల కాలువ మీద పడవలు నడిచిన రోజుల్లో, ఎదుటి తలుపు మూసి ఉన్నట్లు దూరం నుంచి కనిపించినంత మాత్రాన ఇవతలి తలుపు తెరవడం క్షేమం కాదు. దానిని మూసినది ఎవరో, తాను తెరిచేదాకా మూసే ఉంచుతారో లేదో తెలియాలి. రాజోలి ఒడ్డున నిలబడి చూస్తే, నీటికీ సమాచారానికీ ఈ విషయంలో నియమం ఒక్కటే.